చదివి వినిపించడమైనది

ఆమెను తీసుకుపోతున్న బండి కొత్తపేట చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగింది. వెనక ఆటోలో నేనూ మా తమ్ముడూ ఉన్నాం. తల ఎత్తితే రెండు మెట్రో స్తంభాల మధ్య కొత్త ఫ్లెక్సీ ఒకటి గాలికి టపటప కొట్టుకుంటోంది. మధ్యలో హక్కుల కమిషన్ అధ్యక్షుడు నిలువెత్తున, చేతులు జోడించి నవ్వుతున్నాడు. ఆయన చుట్టూ గుండ్రటి చట్రాల్లో అధికార పార్టీ నాయకుల ముఖాలు, పెద్దవి పైన, చిన్నవి కింద. "మరోసారి పదవి చేపట్టిన హక్కుల పరిరక్షకునికి శుభాకాంక్షలు" అని రాసి, అడుగున మా షాపు వార్డు నాయకుడి పేరు, ఆయన వెంట తిరిగేవాళ్ల పేర్లు వరసగా ఉన్నాయి.

ఆ ఫ్లెక్సీ నీడ సరిగ్గా ఆమె బండి మీద పడింది.

"చదువక్కా," అన్నాడు మా తమ్ముడు. "మేడమ్ ఉంటే మొత్తం చదువుతుండె. కింద ప్రింటింగ్ ప్రెస్సు పేరు దాకా."

నవ్వబోయి ఏడ్చాడు. నాకు మాత్రం ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అది ఇవాళ్టికీ దిగలేదు. ప్రభుత్వం తప్పు చేస్తే నిలదీయడానికి పెట్టిన కుర్చీ అది. అందులో కూర్చున్నవాడికి ఆ ప్రభుత్వాన్ని నడిపేవాళ్లు ఫ్లెక్సీ ఎందుకు కడతారు? కట్టారే అనుకుందాం, తీసెయ్యండయ్యా, నాకు తలవంపులు అని ఆయన ఎందుకు అనడు? ఆ దారిన పోయే వేలమందిలో ఒక్కరూ తలెత్తి ఇదేం విడ్డూరం అనలేదు. అనే మనిషి ఒక్కతే ఉండేది. ఆమె బండిలో పడుకొని పోతోంది.

ఆమె పేరు ఇక్కడ రాయను. పేరంటే ఆమెకే పెద్ద పట్టింపు లేదు. "టైపు చేసేవాళ్లకి పేరుండదమ్మా. కాగితం కింద, ఎడమ మూలన, రెండు పొట్టి అక్షరాలుంటాయి. ఆఫీసులో మేం అంతే," అనేది. ఆ రెండక్షరాలనూ ఒకసారి ఎవరో ఎత్తుకుపోయారు కాబట్టి వాటిని కూడా రాయను. మేం మేడమ్ అనేవాళ్లం. గుంటూరు వైపు మనిషి. ఎల్బీనగర్‌లో ముప్పై ఏళ్లున్నా ఆమె మాట మారలేదు. మా తమ్ముడు "ఏంది మేడమ్" అంటే "ఏంటండీ" అనేది. ఒకరి మాట ఒకరు సరిచెయ్యకుండా ఇద్దరూ గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు.

మాది పోచంపల్లి పక్కన ఒక చేనేత ఊరు. నేను బడికి పోలేదు. మా నాయన మగ్గం గుంటలో కూర్చుని నేస్తూ, నన్ను గట్టు మీద కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించాడు. ఆ పుణ్యాన పారాయణం చెయ్యడం వచ్చింది. ఎల్బీనగర్‌లో మేముండే వీధి గుడిలో శనివారాలు చదివేది నేనే. దిల్‌సుఖ్‌నగర్‌లో మా తమ్ముడిది చిన్న చీరల షాపు. మధ్యాహ్నాలు నేనూ పోయి కూర్చుంటాను. వాడు ఇక్కత్ చీరలకు గ్రాఫ్ కాగితం మీద డిజైన్లు వేస్తాడు. ఆ గడులు నింపే కుడిచేతి వేళ్లే వాడి బతుకు.

కొన్నేళ్ల కింద, శ్రావణమాసం గిరాకీ రోజుల్లో, వార్డు నాయకుడి పుట్టినరోజు వచ్చింది. ఆయన ఫ్లెక్సీ మా షాపు బోర్డుకు అడ్డంగా కట్టారు. మూడు రోజులు ఊరుకున్నాం. నాలుగోరోజు తమ్ముడు స్టూలెక్కి తాళ్లు విప్పి, చింపకుండా, చీర మడతపెట్టినట్టు మడతపెట్టి లోపల పెట్టాడు, అడిగితే ఇద్దామని. ఆ మధ్యాహ్నమే పోలీసులు వచ్చి తీసుకుపోయారు. మరునాడు పొద్దున వదిలారు. వాడి కుడిచేతి చూపుడువేలూ నడిమివేలూ విరిగి ఉన్నాయి.

దవాఖానలో కట్టు కట్టిన డాక్టరమ్మే, హక్కుల కమిషన్ అని ఒకటుంది, పోయి చెప్పుకోండి అంది. ఆమెకు నేను ఆ పూటే మొక్కాను. ఎవరు మేలు చేసినా సాయంత్రం దీపం పెట్టేటప్పుడు వాళ్ల పేరు ఒకసారి దేవుడికి చెప్పడం నాకు మా అమ్మ నేర్పిన అలవాటు.

మేడమ్‌ను మొదటిసారి చూసింది అక్కడే, నగరం నడుమ ఒక పాత భవనంలో, కిటికీ పక్కన కంప్యూటర్ ముందు. పక్కన విచారణాధికారి కూర్చున్నాడు. ఆయన ఎవరనుకున్నారు? పోలీసు ఇన్‌స్పెక్టరే. కమిషన్‌కు సొంత మనుషులు లేరు, పోలీసు శాఖ నుంచి అరువు తెచ్చుకుంటుంది. పోలీసు కొట్టాడని చెప్పుకోవడానికి పోతే వినేది పోలీసు. రేపు తిరిగి అదే శాఖకు పోయి, అదే సార్లకు సెల్యూట్ కొట్టాల్సినవాడు. అప్పుడు నాకు ఇదంతా తెలియదు. సర్కారువాళ్లు పిలిచి కూర్చోబెట్టి అడుగుతున్నారని మనసులో దండం పెట్టుకుంటున్నాను.

తమ్ముడు చెబుతుంటే ఆమె టైపు చేసింది. ఇన్‌స్పెక్టర్ తెర మీదికి వంగి చూశాడు.

"మేడమ్, 'గుంజుకపోయిండ్రు' ఏంది? జర మంచి భాషల పెట్టండి. 'తీసుకొని వెళ్లినారు' అని."

"తీసుకెళ్తే అలాగే పెట్టేదాన్ని సార్. ఆయన గుంజారంటున్నారు కదండీ."

రెండు పేజీలు తీసి, కుర్చీని మా వైపు తిప్పుకుని, పెన్సిల్ మొద్దు కొసను ఒక్కో మాట కింద పెడుతూ చదవడం మొదలుపెట్టింది. చదువు నాకూ వచ్చు కాబట్టి చెవులు రిక్కించి విన్నాను. రాగం లేదు, తొందర లేదు. ఇటుక మీద ఇటుక పేర్చినట్టు చదివింది. ప్రతి వాక్యం చివరా కళ్లెత్తి, "ఇది మీ మాటేనా?" అని అడిగింది.

నాలుగోసారికి తమ్ముడికి విసుగొచ్చింది. "నేనే చెప్పిన గద మేడమ్."

"చెప్పింది మీరు. టైపు చేసింది నేను. మధ్యలో ఏదైనా జారిపోవచ్చు."

జారనే జారింది. "మంచినీళ్లు అడిగితే ఇయ్యలే" అని చదివిన చోట వాడు ఆగమన్నాడు. "నేను అడగలే మేడమ్. భయానికి అడగలే."

ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకుంటూ, "ఏం ఫరక్ పడ్తది?" అన్నాడు. ఆమె ఆ పేజీని అడ్డంగా చింపి బుట్టలో వేసి, మళ్లీ టైపు చేసి, మళ్లీ మొదటి నుంచీ చదివింది. అడగలేదు, భయపడ్డాడు. ఆ ఒక్క ముక్కలో స్టేషన్ మొత్తం ఉంది. మాకెవరికీ తోచలేదు. ఆమెకు తోచింది.

చివర "చదివి వినిపించగా విని సరియని ఒప్పుకొని వేలిముద్ర వేసితిని" అనే వరస. ఇంటర్ చదివిన మా తమ్ముడు, విరిగిన వేళ్లతో సంతకం చెయ్యలేక ఎడమ బొటనవేలు ముద్ర వేశాడు. సిగ్గుతో ఆ వేలును అందరిలాగే తలకు రాసుకోబోయాడు.

"తలకి రాసుకోకండి!" అంది ఆమె, పిల్లవాణ్ణి అదిలించినట్టు. బ్యాగులోంచి చిన్న స్టీలు డబ్బా తీసింది. అందులో నిమ్మచెక్కలు. ఒకటి తీసి, వాడి వేలు తన చేతిలోకి తీసుకుని తనే రుద్దింది. "మాట చెప్పుకోడానికొచ్చిన మనిషి మరకతో పోవడమేంటండీ."

అప్పుడు పేజీ అడుగున "చదివి వినిపించడమైనది" అని, దాని కింద తన రెండక్షరాలు పెట్టింది. రోజుకు ఎంతమంది వచ్చినా అన్ని నిమ్మచెక్కలు ఇంటి నుంచి కోసుకుని తెచ్చేదని తరువాత తెలిసింది.

ఆ రోజు తిరుగు మెట్రోలో ఆమె మా పెట్టెలోనే ఎక్కింది. అట్లా మొదలైంది. చదవడం ఆమెకు ఆఫీసు పని మాత్రమే కాదు, జబ్బులాంటిది. మెట్రో తలుపు మీది హెచ్చరికలు చదివేది. టిఫిన్ సెంటర్ గోడ మీది ధరల పట్టిక చివరిదాకా చదివి, "పెసరట్టు లేదని రాయలేదేంటండీ, రాయకుండా లేదంటే ఎలా?" అని పోట్లాడేది. మా షాపుకు మొదటిసారి చీర కొనడానికి వచ్చినప్పుడు చీర చూడలేదు. బిల్లు పుస్తకం తిరగేసి, అడుగున చిన్న అక్షరాల కింద పెన్సిల్ పెట్టింది.

"'అమ్మిన సరుకు ఎట్టి పరిస్థితులలోను వాపసు తీసుకొనబడదు.' ఇది మీ మాటేనా?"

తమ్ముడు తల గోక్కున్నాడు. "అందరు ఏస్తరు మేడమ్. ప్రెస్సోడే ఏసి ఇస్తడు."

"చిరుగుంటే తీసుకోరా?"

"అయ్యో, తీస్కుంట మేడమ్. ఎందుకు తీస్కోను?"

"మరి మీది కాని మాట మీ బిల్లు మీదెందుకండీ?"

ఆ పుస్తకంలో ప్రతి బిల్లు మీదా వాడు ఆ వరస కొట్టేశాడు. పక్క షాపులవాళ్లు నవ్వారు.

కమిషన్ గురించి ఆమె ఎక్కువ చెప్పేది కాదు, ఆఫీసు మాట బయటికి తేకూడదనేది. ఒకటి రెండుసార్లే నోరు జారింది. మంచి అధ్యక్షుడు ఒకాయన ఉండేవాడట, చెప్పుకోవడానికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి తను నిలబడేవాడట. ఆయన గడువు అయిపోయాక కుర్చీని చాలాకాలం ఖాళీగా ఉంచారు. ప్రభుత్వానికి తీరిక దొరకలేదు. ఆ తరువాత, ఎన్నికల సభల్లో అదే పార్టీ వేదిక మీద కనబడ్డ మనిషిని తెచ్చి కూర్చోబెట్టారు. ఎవరు ఎంచారు, ఎందుకు ఎంచారు అని అడిగినవాడు లేడు.

"ఖాళీగా ఉన్నప్పుడే నయమమ్మా," అంది ఒకరోజు, చైతన్యపురి స్టేషన్ దాటుతుంటే. "అప్పుడు ఫైలుకి దుమ్ము పట్టేదంతే. ఇప్పుడు ఫోనొస్తే ఫైలుకి కొత్త మాటలొస్తున్నాయి."

కొత్తాయన వచ్చిన నెలకే, ఒక్కో మనిషికి గంటసేపు చదివి వినిపించడమేంటి, మానెయ్యండి అన్నారట. రాసివ్వండి సార్, అప్పుడు మానేస్తాను అందట. రాసివ్వలేదు. ఆమె బల్లను బాత్‌రూముల పక్క వసారాలోకి మార్చారు. అక్కడా చదివింది.

ఇక నేను చేసిన తప్పు చెప్పాలి. చెప్పకుండా ఆమె గురించి రాయడానికి నాకు అర్హత లేదు.

విచారణ తేదీకి కొన్నాళ్ల ముందు, ఒక మధ్యాహ్నం ఆ ఇన్‌స్పెక్టర్ షాపుకు వచ్చాడు, మామూలు బట్టల్లో, మర్యాదగా. "కంప్యూటర్ ఖరాబై రెండో పేజీ పోయింది తమ్మీ. మల్ల కొట్టిచ్చినం. సేమ్ మ్యాటర్. ఒక్క ముద్ర ఎయ్యి, కేసు జల్ది నడుస్తది," అన్నాడు.

తమ్ముడు కొనేవాళ్లతో మాట్లాడుతూ నా వైపు చూశాడు. "అక్కా, నువ్వు చదివి చెప్పు."

నేను కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. పారాయణం చేసేవాళ్లకు ఒక రోగం ఉంటుంది. ఏళ్ల తరబడి చదివిన పేజీ మీద కళ్లు ఊరికే జారుతుంటాయి, చదివేది జ్ఞాపకం. ఆ కాగితాన్నీ అట్లాగే చదివాను. ఆ వాక్యాలు మేడమ్ నోట రెండుసార్లు విన్నాను, నాకు నోటికి వచ్చు. చెయ్యి అని ఉంది, గుంజడం ఉంది, బల్ల ఉంది, రెండు వేళ్లు విరిగినయ్ అని ఉంది. మా భాషే, మా యాసే.

"సరిగ్గనే ఉంది. ఎయ్యిరా," అన్నాను.

వాడు వేశాడు. వేలు తలకు రాసుకున్నాడు. నిమ్మచెక్క ఇచ్చేవాళ్లు లేరు మరి. ఇంత ఎండలో వచ్చాడు పాపం అని నేను ఇన్‌స్పెక్టర్‌కు చాయ్ తెప్పించాను. ఆ సాయంత్రం దీపం దగ్గర ఆయన పేరు కూడా చెప్పాను. నా నోటితో, దేవుడికి!

నాలుగు రోజులకు మేడమ్ వచ్చింది. ఆఫీసు మానేసి, మిట్టమధ్యాహ్నం. కుర్చీ వేస్తే కూర్చోలేదు. చీరల మధ్య నిలబడింది.

"కాగితం తేలేదు. తేకూడదు. ఫైల్లో ఉన్నది చెబుతాను. వినండి," అంది. కళ్లు మూసుకుని, పెన్సిల్ లేకపోయినా వేలు గాలిలో ఒక్కో మాట కింద పెడుతూ చెప్పింది. "'నా చెయ్యి పడితే నేను గుంజుకున్న. బల్లకు కొట్టుకున్నది. రెండు వేళ్లు విరిగినయ్.'"

కళ్లు తెరిచి తమ్ముణ్ణి అడిగింది. "ఇది మీ మాటేనా?"

వాడి ముఖం నేను ఇప్పటికీ మరిచిపోలేదు. వాడు చెప్పింది, ఆమె చదివింది, ఇది: నా చెయ్యి పట్టి గుంజి బల్ల మీద పెట్టిండ్రు. లాఠీతోని కొట్టిండ్రు. రెండు వేళ్లు విరిగినయ్.

అవే మాటలను ఏరి, కొట్టినవాణ్ణి మాత్రం తీసేశారు. చెయ్యి దానంతటదే పోయి బల్లకు కొట్టుకుంది. మా యాసను కూడా వదల్లేదు. అప్పుడు మంచి భాషలో రాయమన్న మనిషే, ఇప్పుడు మా భాషలో అబద్ధం రాయించాడు. అన్నిటికంటే మించి, అడుగున చదివి వినిపించడమైనది అని పెట్టి, ఆమె రెండక్షరాలు కూడా వేశారు.

"నేనే చదివిన మేడమ్," అన్నాను. "సరిగ్గున్నదని నేనే చెప్పిన."

ఆమె కోప్పడలేదు. ఒకటే అడిగింది. "చదివేటప్పుడు వేలు పెట్టారా అమ్మా?"

"లేదు."

"పెట్టాలి. తెలియని చోట ఎలాగూ ఆగుతాం. తెలుసనుకున్న చోటే వేలు పెట్టాలి."

అని, గడప దగ్గర చెప్పులేసుకుంటూ, "విచారణ రోజు, చదివి వినిపించమని అడగండి. అది మీ హక్కు. అంతకంటే నేను చెప్పకూడదు," అని వెళ్లిపోయింది.

అడిగితే ఏమవుతుందో మాకంటే ఆమెకే బాగా తెలుసు. ఆ కాగితం అట్లాగే ఉండిపోతే మా తమ్ముడి వేళ్లు వాడే విరగ్గొట్టుకున్నట్టు. కాదని తేలాలంటే ఆమె లేచి చెప్పాలి. సర్వీసు ఇంకా ఐదారేళ్లు ఉంది.

విచారణ హాలులో అధ్యక్షుడు ఎత్తు మీద కూర్చున్నాడు. ఎదురుగా కింద టైపు బల్ల, ఆమె. మిగతా టైపిస్టులు రాలేదో, రావద్దన్నారో, ఆ రోజు ఆమే ఉంది. తమ్ముడు లేచి చేతులు కట్టుకుని, "సార్, నా వాంగ్మూలం ఒకసారి చదివి వినిపియ్యండి," అన్నాడు.

"నీదే కదయ్యా? ముద్ర నీదేనా కాదా?"

"ముద్ర నాదే సార్. మాట నాది కాదు."

"ఇంటర్ చదివినవట. చదవకుండనే వేసినవా? మీ అక్క గూడ చదివిందని ఇన్‌స్పెక్టర్ అంటున్నడు." నా వైపు చూసి నవ్వాడు. "గుళ్లె పురాణం చదువుతదట గదా?"

హాలులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేను తల దించుకున్నాను. తల దించుకున్నందుకు ఇవాళ కూడా నా మీద నాకు మంటగా ఉంటుంది.

అప్పుడు కుర్చీ చప్పుడైంది. ఆమె లేచింది.

"నేను ఈయనకి చదివి వినిపించింది ఇది కాదు సార్. ఆ కింద అక్షరాలు నావి. వేసింది నేను కాదు."

"నిన్నెవరడిగిండ్రమ్మా? కూర్చో."

ఆమె కూర్చోలేదు. ఆయన ముఖం ఎర్రబడింది. ఆమెను చూడకుండా, ఆమెకే ఆర్డరు చెప్పడం మొదలుపెట్టాడు, టైపు చెయ్యమని: ఫిర్యాదుదారు స్వయంగా ఒప్పుకున్నందున, అదనంగా చెప్పేదేమీ లేదన్నందున... ఆమె అప్పుడు కూర్చుంది. కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. ఆయన చెబుతున్నాడు, ఆమె వేళ్లు కదలడం లేదు. హాలంతా ఆ వేళ్లనే చూస్తోంది. చివరికి ఇంకొకరిని పిలిపించి టైపు చేయించుకున్నారు. కేసు మూసేశారు. ఆమె లేచి చెప్పిన మాట ఆ ఆర్డరులో ఎక్కడా లేదు.

మెట్లు దిగుతుంటే నేను వంగి ఆమె కాళ్లు పట్టుకోబోయాను. చటుక్కున వెనక్కి జరిగింది. "నాకెందుకండీ దండాలు. నా అక్షరాలు నేను తీసుకున్నాను."

వారం తిరక్కుండానే ఆమెను కమిషన్ నుంచి తీసేసి పాత శాఖకు పంపారు. ఆఫీసు రహస్యం బయటపెట్టిందని మెమో ఇచ్చారు. పెద్ద అంబర్‌పేట అవతల ఒక రికార్డు గదిలో వేశారు. ఎలుకలు, పాత ఫైళ్లు, ఒక గుడ్డి బల్బు. చదివి వినిపించడానికి మనిషన్నవాడు లేడు. కొట్టినవాళ్లు స్టేషన్ మారి ప్రమోషన్ మీద ఉన్నారు. ఇన్‌స్పెక్టర్ మంచి చోటుకు పోయాడు. అధ్యక్షుడికి ఇప్పుడు మరో దఫా.

ఆమె మాత్రం హయత్‌నగర్ మీదుగా బస్సులో పోతూ వస్తూ, వారానికోసారి మా షాపులో ఆగేది. ఒక్కసారి కూడా తిట్టింది లేదు. "ఫైళ్లు బాగున్నాయమ్మా. పాతవాళ్లు ఎంత చక్కగా రాసేవాళ్లో," అనేది. తమ్ముడు ఎడమచేత్తో గడులు నింపడం నేర్చుకుంటుంటే పక్కన కూర్చుని, వంకర పోయిన చోట పెన్సిల్ మొద్దు కొస పెట్టి చూపించేది. దగ్గు వచ్చేది. ఆ దుమ్ముకే అనుకున్నాం. రెండు నెలలు మంచం మీద ఉండి పోయింది.

ఆమె పోయిన ఆరో రోజున షాపుకు మా కాలనీ సంఘం సెక్రటరీ వచ్చాడు. మంచిమనిషే. గుడి పనులకు అందరికంటే ముందుంటాడు.

"వదినమ్మా, ఆదివారం కమ్యూనిటీ హాల్ల కమిషన్ సారుకు సన్మానం. లీడరు గారే పెట్టిస్తున్నరు. సన్మానపత్రం నువ్వే చదవాలె. నీ అసొంటి గొంతు మన దగ్గర ఎవరికున్నది?"

అప్పుడే జిరాక్స్ తీయించిన కాగితం, ఇంకా వెచ్చగా ఉంది. చేతిలో పెట్టాడు. లోపల తమ్ముడు గ్రాఫ్ కాగితం మీంచి తలెత్తాడు. ఇద్దరు ఆడవాళ్లు చీరలు చూసుకుంటున్నారు.

నేను కళ్లద్దాలు పెట్టుకున్నాను. మొదటి మాట కింద వేలు పెట్టాను. పైకే చదివాను, రాగం లేకుండా.

"'ఏ ఒత్తిళ్లకూ తలొగ్గక... స్వతంత్రంగా... నిర్భయంగా... పేదల కన్నీరు తుడిచిన...'"

ఒక్కో మాట దగ్గరా ఆగాను. సెక్రటరీ నవ్వుతూ విన్నాడు. మొదట రిహార్సల్ అనుకున్నట్టున్నాడు. చీరలు చూస్తున్నవాళ్లు చూడడం మానేశారు. చివరి మాట దాకా చదివి కాగితం మడిచాను.

"ఇది నా మాట కాదన్నా," అన్నాను.

"నీ మాటెందుకైతది వదినా? రాసినోళ్లు రాసిండ్రు. నువ్వు జస్ట్ చదువుడే."

"చదివి వినిపించేదాన్ని నేనే గదా."

ఆయన నవ్వు తగ్గింది. గొంతు తగ్గించి, మా మంచికే అన్నట్టు అన్నాడు. "లీడరు గారు నీ పేరు చెప్పి పంపిచ్చిండు. కాదన్నవని తెలిస్తే మంచిగుండదు. షాపు ముందర పోయినసారి ఏమైందో యాది మరిచిండ్రా?"

నాకు భయమేసింది, అబద్ధమెందుకు. తమ్ముడు లేచి వచ్చాడు. "అక్కా, కాగితం ఇటియ్యి," అన్నాడు. వాడు భయపడుతున్నాడేమో, చదవమంటాడేమో అనుకున్నాను. వాడికి భార్యాబిడ్డలున్నారు, ఇంకో చెయ్యే మిగిలి ఉంది. తప్పు పట్టలేను.

వాడు ఆ కాగితాన్ని ఎడమచేత్తో తీసుకుని, ఇంకో మడత పెట్టి, సెక్రటరీ చొక్కా జేబులో పెట్టాడు.

"తీస్కపో అన్నా. మా అక్క ఈసారి వేలు పెట్టి చదివింది."

ఆయన మెట్లు దిగిపోయాడు. ఆదివారం ఇంకా రాలేదు. ఏమవుతుందో తెలియదు. ఈ కోపాన్ని తీసెయ్యమని నేను ఇంతవరకూ దేవుణ్ణి అడగలేదు. అడగను కూడా. ఆ సాయంత్రం దీపం దగ్గర ఆమె పేరు ఒక్కటే చెప్పాను.

సెక్రటరీ అట్లా మెట్లు దిగగానే, షాపులో ఆ ఇద్దరు ఆడవాళ్లూ మళ్లీ చీరలు అందుకున్నారు. నా వేలు చూసుకుంటే, జిరాక్స్ మసి అంటి కొస నల్లగా ఉంది. అలవాటుగా చెయ్యి పైకి లేచింది. తలకు రాసుకోబోయి, ఆగాను.